లాంతరాటలో పడవమ్మి

నేను ఒక సీడీని. అరచేయంత వెడల్పు, నడుమ వేలు దూరేంత చిల్లు, ఒకవైపు అద్దంలా మెరిసే ఒళ్ళు. ఇప్పటి పిల్లలు నన్ను చూస్తే కాకుల్ని బెదరగొట్టడానికి పెరట్లో వేలాడదీసే బిళ్ళ అనుకుంటారు. వాళ్ళ తప్పేం లేదు. మా వాళ్ళలో చాలామంది చివరికి ఆ కొలువులోనే చేరారు. కొందరు ఆటోల వెనక మెరుపు బిళ్ళలయ్యారు.

నాకు తల్లి లేదు, అచ్చు ఉంది. కరిగిన ప్లాస్టిక్‌ను ఆ అచ్చులో నొక్కి, మీద వెండిలాంటి పూత పూసి, నాలాంటి వాళ్ళను వేలల్లో దించారు. మా అందరి కడుపులోనూ ఒకటే ఆట. దాని పేరు 'ల్యాంటర్న్‌ఫాల్'. చేతిలో లాంతరు పట్టుకున్న వీరుడొకడు భూమిలోకి కుంగిపోయిన నగరంలోకి దిగుతాడు. ఎదురొచ్చిన దెయ్యాన్నల్లా నరుకుతాడు. చచ్చినదాని దగ్గర మంచి కత్తి దొరికితే తీసుకుని పాతది పారేస్తాడు. బలం పెరిగిన కొద్దీ ఇంకా కిందికి, ఇంకా చీకట్లోకి పోతాడు. మధ్యమధ్యలో పైనున్న ఊరికి వచ్చి అక్కడి మనుషులతో మాట్లాడతాడు. వాళ్ళకు గొంతులుండవు. వాళ్ళ మాటలు తెర అడుగున ఒక నల్ల గడిలో ఇంగ్లీషులో పడతాయి. ఎక్కడో చలిదేశంలో ఎవరో రాసిన మాటలవి. మనసు పెట్టి రాసినవి కావు. నా కడుపులో ఉన్నది నాకు తెలియదా?

నా మొదటి యజమాని విశాఖపట్నంలో ఇంజనీరింగ్ చదివే కుర్రాడు. వాడు ఆట మొత్తం గెలిచాడు గాని అందులో ఒక్క ముక్క చదవలేదు. నల్ల గడి కనబడగానే స్పేస్‌బార్ నొక్కేసి కత్తి దూసేవాడు. చదువైపోగానే తన కంప్యూటర్‌ను అమ్మేస్తూ, దాంతోపాటు ఓ సంచెడు సీడీలు ఉత్తినే ఇచ్చేశాడు. ఆ సంచిలో నేనూ ఉన్నాను.

అలా గాజువాకలో రత్నం ఇంటికి చేరాను.

ఆమె అసలు పేరు నూకరత్నం. అనకాపల్లి నూకాలమ్మ పేరు. ఇంగ్లీషు సాహిత్యంతో డిగ్రీ చదివింది. ఇంట్లోనే ముందుగదిలో డీటీపీ పని మొదలుపెట్టింది. కాలేజీ పిల్లల ప్రాజెక్టులు, పెళ్ళి శుభలేఖలు, గృహప్రవేశాల ఆహ్వానాలు టైపు చేసేది. ఆమె భర్త పైడిరాజు ఓడలు మరమ్మతు చేసే యార్డులో వెల్డరు. మేనత్త కొడుకే కాబట్టి ఆమెకు చిన్ననాటి నుంచీ 'బావ'. ఐటీఐ తెలుగు మీడియంలో గట్టెక్కాడు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటాడు గాని వాటి వెనక ఏముందో పట్టుకోలేడు. నిప్పురవ్వలు పడి ముంజేతుల నిండా చిన్నచిన్న మచ్చలు. మెత్తని మనిషి. మాట తక్కువ.

ఒక ఆదివారం వాన పట్టుకుంది. పనిలేక పైడిరాజు సంచిలోని సీడీలు ఒక్కొక్కటే వేసి చూస్తూ నా దగ్గరికొచ్చాడు. లాంతరు పట్టుకున్న మనిషి తెరమీదకి రాగానే కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఊళ్ళో ఎవరో ఎదురై నల్ల గడి తెరుచుకుంది.

"ఏటే రత్నం, ఈడేటంటన్నాడు?" అని కేకేశాడు.

రత్నం చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన నిలబడింది. గడిలో ఉన్నది కమ్మరివాడి మాట: నా దగ్గర కత్తులున్నాయి, చూడు. అంతే. రత్నం అది చదివింది. ఒక్క క్షణం ఆగింది. తర్వాత ముసలి గొంతు పెట్టింది.

"రారా నాయనా రా. కత్తి కావాలేటి? ఇత్తాను గాని, పొద్దున్నుంచి గుక్కెడు అంబలి పోసినోడు లేడు. కోడలు పుట్టింటికెళ్ళి కూకున్నాది. కొలిమి ఊదీవోడు లేడు. నువ్వో రెండూపులు ఊదు, మంచి కత్తిత్తాను."

పైడిరాజు పగలబడి నవ్వాడు. "ఆళ్ళ దేశంలో అంబలుంటాదేటే?"

"జావ అని రాసుంది బావా. మనకదే కదా అంబలి!"

నాకు మతిపోయింది. కోడలెక్కడిది? అంబలెక్కడిది? నా కడుపంతా వెతుక్కున్నాను. లేవు. అయినా పైడిరాజు కమ్మరివాణ్ని చూసిన చూపులో నిజమైన జాలి ఉంది. ఆ రోజు నుంచి ఏ కత్తి దొరికినా ముందు ఆ ముసలాడికి చూపించి వచ్చేవాడు.

అది వాళ్ళకు అలవాటైపోయింది. సాయంత్రం యార్డు నుంచి వచ్చి స్నానం చేసి అతను మౌస్ పట్టుకునేవాడు, ఆమె పక్కన స్టూలు వేసుకునేది. నరకడం అతని పని, చదవడం ఆమె పని. ఆ ఆటలో ఎటు వెళ్ళాలో చూపే గుర్తులేవీ ఉండవు. ఊరివాళ్ళు చెప్పింది విని పోవాలి. 'బావికి తూర్పున' అని ఉంటే తూర్పునే పోవాలి. ఆమె లేకపోతే అతను ఊరు దాటలేడు, అతను లేకపోతే ఆమె మొదటి దెయ్యానికే చచ్చిపోతుంది. పైడిరాజుకు నా పేరు నోరు తిరగడం లేదని రత్నం 'లాంతరాట' అని పెట్టింది. నాకు ఆ పేరే నచ్చింది.

ఆ ఊళ్ళో రేవు దగ్గర ఒక ఆడమనిషి నిలబడి ఉంటుంది. వెనక కట్టేసిన పడవ. నన్ను చేసినవాళ్ళు అవతలి గట్టును చేయనేలేదు. అందుకని దారి మూసేయడానికి ఆమెను అక్కడ నిలబెట్టారు. ఎన్నిసార్లు పలకరించినా ఆమె అనేది ఒకటే: పడవ లేదు, తర్వాత రండి.

రత్నం ఆమెను ఊరికే వదల్లేదు. 'పడవమ్మి' అని పేరు పెట్టింది. మొదటిసారి పలకరించినప్పుడు ఇలా చదివింది.

"ఓ లాంతరోడా, ఈ తాడు నేనిప్పను. నా పెనిమిటి ఉప్పు తెత్తానని అవతల గట్టుకెళ్ళేడు. ఎల్లీముందు ఇద్దరం కాట్లాడుకున్నాం. కోపంలో నేనొక మాటన్నాను. ఆ మాటిని ఆడు ఎనక్కి తిరిగి సూడకండా ఎల్లిపోనాడు. ఆడొచ్చి ఆ మాట నాకు తిరిగిచ్చీసిందాకా ఈ పడవ కదలదు."

పైడిరాజు మౌస్ మీంచి చేయి తీసేశాడు. "ఏ మాటన్నాదే?"

"చెప్పలేదు బావా. చివర్లో చెప్తాదట."

అతను తెర మీదికి వంగి గడిలోని అక్షరాలు చూశాడు. "ఇంత పొట్టిగుంది కదే. నువ్వేటి అంత పొడుగ్గా సెప్తన్నావు?"

"ఇంగ్లీషంటే అంతే బావా. గుప్పెడు మాటకి గంపెడు అర్థం."

అతను నమ్మాడు. పెళ్ళాం డిగ్రీ చదివింది మరి.

అప్పటినుంచి ఎంత లోతుకు దిగినా, ఎంత రాత్రయినా, ఆట ఆపేముందు ఒకసారి పైకొచ్చి పడవమ్మిని పలకరించేవాడు. ప్రతిసారీ కొత్త కబురు. అవతల గట్టున ఎవరో దీపం పెట్టారు. పడవ అడుగున నాచు పట్టింది. ఊరి పెద్ద వచ్చి పడవ అమ్మేయమన్నాడు. ఒకనాడు పడవమ్మి ఏం మాట్లాడలేదనీ, అటు తిరిగి నిలబడిందనీ చెప్పింది రత్నం. ఆ రోజు పైడిరాజు అన్నం సరిగ్గా తినలేదు.

ఆట చివరి తలుపు వరకూ వెళ్ళారు. అంతలో ఆ కంప్యూటర్ పాడైంది. కొత్తది కొన్నారు. దాంతోపాటే పైడిరాజు నా తమ్ముణ్ని, అంటే ఆటలో రెండో భాగాన్ని తెచ్చాడు. కొత్తదాంట్లో నేను తెరుచుకోలేదు కాబట్టి, పాత కంప్యూటర్‌ను అటక ఎక్కించి నన్ను పక్కన పెట్టారు. అదే గదిలో సొరుగులో ఉండేవాణ్ని కాబట్టి అన్నీ వింటూనే ఉన్నాను.

తమ్ముడు అందగాడు. వాడి నగరంలో వాన పడితే రాళ్ళు తడిసి మెరుస్తాయి. గడ్డి గాలికి ఊగుతుంది. మనుషులకు గొంతులున్నాయి. ఆ గొంతులతోనే వచ్చింది చిక్కంతా. నోరు తెరిచి వాళ్ళే గడగడా మాట్లాడేస్తుంటే రత్నం చదవడానికేముంది? తెలుగులో చెప్పబోయేలోపే తర్వాతి మాట వచ్చేసేది. పైగా తెర మూలన ఒక బంగారు బాణం ఎటు వెళ్ళాలో చూపిస్తుంది. కొన్నాళ్ళు ఆమె స్టూలు మీద కూర్చుంది. తర్వాత కూర్చుని కందిపప్పు ఏరుకుంది. ఆ తర్వాత స్టూలు వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"పడవమ్మి ఏదే? ఇందులో కానరాదేటి?" అని పైడిరాజు ఆట మొదట్లోనే అడిగాడు.

"రాయలేదు కాబోలు," అంది రత్నం.

మూడో భాగానికి ఒళ్ళే లేదు. గాల్లోంచి దిగింది. నెట్ లేకపోతే తెరుచుకోదు. అందులో ఎక్కడెక్కడి మనుషులో ఒకేసారి ఆడతారు. పైడిరాజు చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, ముక్కూ మొహం తెలియని వాళ్ళతో కలిసి దెయ్యాల్ని నరికేవాడు. అది ఊరు కాదు, సంత. అయినా అతను ఆడటం మానలేదు. మానలేదు గాని మెచ్చుకోనూ లేదు.

"ఎన్నొచ్చినా మొదటిదే మొదటిది," అనేవాడు. "రెండోది పైపై రంగు. మూడోది బేరం. కతంటే మొదటిదాన్లోనే ఉంది." ఒకసారి యార్డులో తోటి వెల్డరు అచ్చియ్యతో గొడవపడి వచ్చాడు. "మొదటి దాన్లో కతేటుందిరా, నరుక్కుంటా పోడమే కదా అంటన్నాడు. నువ్వు సదవలేదురా, నీకేం తెల్సు అన్నాను."

రత్నం నవ్వింది. నవ్వి మొహం తిప్పుకుని శుభలేఖలో అక్షరదోషాలు దిద్దుకుంది. సొరుగులో నేనూ నోరు మూసుకున్నాను. పొగడ్త ఎవరికి చేదు?

ఒక సాయంత్రం ఆమె వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసింది. అతను ఒక చెవి మీంచి హెడ్‌ఫోన్ పక్కకు లాగాడు.

"బావా, ఆ పాత కంప్యూటర్ బాగుచేయించి లాంతరాట తీద్దామా? పడవమ్మి ఏ మాటందో చివరిదాకా చదివి చెప్తాను."

"సూద్దాంలే. ఇప్పుడు మధ్యలో ఉన్నాను, ఆళ్ళందరూ నా కోసం ఆగుండిపోయేరు."

ఆమె చెయ్యి తీసేసింది. అలిగినట్టు కూడా కనిపించలేదు. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ ఏడాది ఎండాకాలంలో రత్నం శుభలేఖ టైపు చేస్తూ చేస్తూ కుర్చీలోంచి పక్కకు ఒరిగిపోయింది. మెదడులో నెత్తురు గడ్డ కట్టిందన్నారు. ప్రాణం దక్కింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. మొత్తం పోలేదు. ఒక్క మాట మిగిలింది. 'అదే'. మంచినీళ్ళు కావాలన్నా అదే, నొప్పన్నా అదే, పొమ్మన్నా అదే.

ఆమె చెల్లెలు ఈశ్వరి చోడవరం నుంచి వచ్చి సాయం ఉంది. ఆస్పత్రిలో మాట నేర్పించే డాక్టరమ్మ పైడిరాజును కూర్చోబెట్టి చెప్పింది. అది అతను ఈశ్వరితో చెబుతుంటే నేను విన్నాను.

"ఆవిడకి మనం సెప్పిందంతా తెలుస్తాదంట. మాట లోపల్నే ఉన్నాదంట, బయటికొచ్చీ దారి తెగిపోయిందంట. బాగా అలవాటైన మాటల దగ్గర కూకోబెట్టి, సగం మనం అని ఆగిపోతే, మిగతా సగం ఆవిడ అందుకోవచ్చంట."

"అందుకుంటాదా బావా?" అంది ఈశ్వరి.

"సెప్పలేం అన్నాది."

అలవాటైన మాటలంటే పైడిరాజుకు తోచింది ఒకటే. ముందు చేతికందిన మూడో భాగం పెట్టాడు. ఆమె గోడకేసి చూసింది. రెండోది పెట్టాడు. ఆ గొంతుల హోరుకు కళ్ళు మూసుకుంది. అప్పుడు అటక మీది పాత కంప్యూటర్ దించి, బాగుచేసేవాడి దగ్గరికి మోసుకెళ్ళి, ప్రాణం పోయించి తెచ్చాడు. సొరుగు తెరిచి నన్ను తీశాడు. చొక్కా అంచుతో తుడిచాడు.

లాంతరు వెలగగానే రత్నం కూర్చున్నచోట నిటారుగా అయింది.

"సూసేవా ఈశ్వరీ, లేచింది! గుర్తుపట్టీసింది!" అని అరిచాడతను. ఆ ఒక్క పూట ఆ ఇంట్లో ఆశ అనేది కనబడింది. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను, నాక్కూడా కలిగింది.

నేరుగా రేవుకి వెళ్ళాడు. పడవమ్మిని పలకరించాడు. నల్ల గడి తెరుచుకుంది.

"ఓ లాంతరోడా..." అని మొదలుపెట్టి ఆగాడు. "సెప్పవే. ఓ లాంతరోడా, ఈ తాడు..."

రత్నం పెదాలు కదిలాయి. మెడలో నరాలు ఉబ్బాయి. "అ... అదే. అదే."

"అది కాదే. ఈ తాడు నేను..."

"అదే."

రోజూ కూర్చోబెట్టాడు. తనకు గుర్తున్నంత తను చెప్పేవాడు. గుర్తులేని చోట ఆగిపోయేవాడు. గడిలో ఉన్నది చూసి చెబితే సరిపోతుందని ఈశ్వరే ఉపాయం చెప్పింది. ఫోన్ కెమెరా తెర ముందు పెడితే ఇంగ్లీషును తెలుగు చేసి చూపిస్తుంది. అతను పడవమ్మి మాట ముందు ఫోన్ పట్టుకున్నాడు.

'పడవ మూసివేయబడింది. దయచేసి తర్వాత తిరిగి రండి.'

ఫోన్ తప్పు చూపిస్తోందనుకున్నాడు. అద్దం తుడిచి మళ్ళీ పెట్టాడు. అదే వచ్చింది. కమ్మరివాడి దగ్గరికి పరిగెత్తాడు. 'నా వద్ద కత్తులు కలవు. చూడుము.' అంబలి లేదు. కోడలు లేదు. బావి దగ్గర ముసలమ్మ, సత్రం యజమాని, గుడి ముందు గుడ్డివాడు, ఒక్కొక్కరి ముందూ ఫోన్ పట్టుకుని ఊరంతా తిరిగాడు. ఇన్నేళ్ళూ అతను బంధువుల్లా ఎరిగిన మనుషులు ఒక్కొక్కరే అతని కళ్ళముందు ఖాళీ అయిపోయారు.

ఫోన్ దించి భార్యవైపు చూశాడు. రత్నం అప్పటికే అతన్నే చూస్తోంది. దొంగతనం బయటపడ్డ పిల్లలా ఎడమ పెదవి కొస కొంచెం నవ్వింది. కుడివైపు మొహం నవ్వలేదు.

"నీదేనేటే? ఇదంతా నీదేనా?"

"అదే," అంది రత్నం.

ఆ ఒక్కసారి ఆ మాట సరిగ్గా అతికింది.

పైడిరాజు ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టాడు. తర్వాత ఆమె కాళ్ళ దగ్గర నేలమీద కూర్చుని అడిగాడు. "ఏ మాటన్నాదే పడవమ్మి? మొగుణ్ని ఏటన్నాది?"

ఆమె కళ్ళు వెడల్పయ్యాయి. ఆమెకు తెలుసు. ఎడమ చేత్తో అతని చొక్కా పట్టుకుని లాగింది. నోరు తెరిచింది. గొంతులో ఏదో ఎక్కివచ్చి పళ్ళ దగ్గర ఆగిపోయింది. "అదే... అదే... అదే..."

"పొమ్మన్నాదా? సావమన్నాదా? నువ్వు నాకొద్దన్నాదా?"

"అదే."

"మొగుడు తిరిగొచ్చేడా?"

"అదే."

"రానేదా?"

"అదే!" అంటూ తన తొడమీద తనే కొట్టుకుంది. ఈశ్వరి వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది. "ఒద్దు బావా, ఇంక అడక్కు. అక్క తట్టుకోలేకపోతంది."

కానీ పైడిరాజు వదల్లేకపోయాడు. ఆట పూర్తి చేస్తే అక్కడేమైనా ఉంటుందేమోనని పిచ్చి ఆశ. ఫోన్ సాయంతో దారి తెలుసుకుంటూ చివరి తలుపు తెరిచాడు. అడుగున ఉన్న రాక్షసుణ్ని నరికాడు. ఊరు వెలుతురుతో నిండింది. జనం బయటికి వచ్చారు. అతను వాళ్ళనెవర్నీ చూడకుండా రేవుకి పరిగెత్తాడు. పడవమ్మి అక్కడే ఉంది. నల్ల గడి తెరుచుకుంది. అందులో ఏముందో ఇంక ఫోన్ లేకుండానే అతను చదవగలడు.

"పోనీ నాను సెప్తాను, ఇనుకో," అన్నాడు రత్నంతో. జీవితంలో కథ చెప్పిన మనిషి కాడు. చెమటలు కక్కుతూ చెప్పాడు. "మొగుడొచ్చీసేడు. తప్పు నాదేనన్నాడు. పడవమ్మి తాడిప్పీసింది. ఇద్దరూ పడవెక్కి ఎల్లిపోయేరు. అయిపోయింది. బాగుంది కదే?"

రత్నం అతన్ని తేరిపార చూసింది. అందులో కోపం లేదు. తన పిల్లను ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు ఎత్తుకుని, ఇదిగో నీ పిల్ల అని వేరే పిల్లను చేతిలో పెడితే చూసే చూపు అది. ఎడమ చెయ్యి నెమ్మదిగా చాచి కీబోర్డును బల్ల మీంచి కిందికి తోసేసింది. మంచం మీద అటు తిరిగి పడుకుంది.

ఆ తర్వాత ఆమె తెర ముందు కూర్చోలేదు. డాక్టరమ్మ దగ్గర కూడా నోరు తెరవడం మానేసింది. ఆ 'అదే' కూడా తగ్గిపోతూ వచ్చింది. మాట వచ్చే అదను దాటిపోయిందని ఆస్పత్రిలో మెల్లగా చెప్పారు. ఈశ్వరి ఎన్నాళ్ళని ఇల్లు వదిలి ఉంటుంది? యార్డులో పని ఉంటే ఆమెను చూసేవాళ్ళు లేరు, ఆమెను చూస్తుంటే పనికి వెళ్ళడానికి లేదు. చివరికి ఇల్లు ఖాళీ చేసి చోడవరంలో ఈశ్వరి ఇంటి పక్కన ఉండాలని తేల్చుకున్నారు.

సామాన్లు సర్దే రోజున పాతసామాన్ల వాడు ఆటో తెచ్చాడు. పాత కంప్యూటర్‌ను పైకెత్తి ఊపి చూశాడు. లోపల నేను గలగలలాడాను.

"సీడీ ఏదో ఉండిపోయినట్టున్నాది బాబూ. తీసిమ్మంటారా?"

పైడిరాజు రత్నం తల పట్టుకుని గంజి తాగిస్తున్నాడు. అటు తిరగలేదు.

"ఒద్దులే. అందులో ఏటీ లేదు."

నాకు రోషం రాలేదు. నా గురించి అచ్చియ్య అన్నదీ, ఫోన్ చెప్పిందీ, ఇప్పుడు ఇతనన్నదీ ఒకటే. ఇన్నేళ్ళూ నన్ను మెచ్చుకున్న ఒకే ఒక్క మనిషి మెచ్చుకున్నది నన్ను కాదు.

ఇప్పుడు ఒక రేకుల షెడ్డులో ఉన్నాను. నా చుట్టూ పగిలిన తెరలు, తీగలు ఊడిన డబ్బాలు. ఇనప సుత్తితో ఒకడు మమ్మల్ని విప్పుతూ రాగి ఒకవైపు, ఇనుము ఒకవైపు, ప్లాస్టిక్ ఒకవైపు పడేస్తున్నాడు. నన్ను ప్లాస్టిక్ గుట్టలో వేశాడు. చోడవరం ఇక్కడికి ఎంతో దూరం కాదట. లారీ డ్రైవర్లు ఆ పేరు అనుకుంటుంటే విన్నాను. అక్కడ ఆమె మళ్ళీ నోరు తెరిచిందో లేదో, అతను అడగడం మానేశాడో లేదో చెప్పేవాళ్ళు మాత్రం ఈ గుట్టలో ఎవరూ లేరు.